వాయి దిగేదాకా ఆగుదాం

బయట తినడం గురించి మాటొస్తే అందరూ అడిగే మొదటి ప్రశ్న "అక్కడ నీట్‌గా ఉంటుందా?", రెండోది "రేటింగ్ ఎంతుంది?". అడగొచ్చు, తప్పేం లేదు, కానీ నేను మాత్రం ముందు వేరేది చూస్తా. అక్కడ తిండి కదులుతోందా లేదా అని. పొయ్యి మీంచి దిగింది దిగినట్టు ప్లేట్లోకి వెళ్ళిపోతోందా, లేక ఏ ట్రేలోనో గిన్నెలోనో కూర్చుని ఎవరొస్తారా అని చూస్తోందా, అంతే. గోడకి టైల్స్ ఉన్నాయా, సర్వర్ చొక్కా ఇస్త్రీ చేసి ఉందా, కుర్చీ మెత్తగా ఉందా ఇవన్నీ తర్వాత సంగతి. రోజూ బయట తినేవాళ్ళకి, అంటే ఆఫీసు మధ్యాహ్నాలు, షిఫ్టు డ్యూటీలు, రూముల్లో ఉండి చదువుకోవడాలు, ఇంటికొచ్చాక గిన్నె కడిగే ఓపిక కూడా మిగలని రాత్రులు ఉన్నవాళ్ళకి ఈ ఒక్క లెక్క తెలిస్తే చాలావరకు గట్టెక్కేసినట్టే. ఏడాదికోసారి పుట్టినరోజుకి పెద్ద హోటల్‌కి వెళ్ళేవాళ్ళ లెక్కలు వేరు, వాళ్ళ గురించి కాదు ఈ పోస్టు.

ఏదైనా వేపుళ్ళ బండి దగ్గర, రద్దీ టైములో, ఏమీ కొనకుండా కాసేపు నిలబడి చూడండి. నాకు ఇది టైంపాస్ కూడా. ముందు చిటికెడు పిండి నూనెలో వేస్తాడు, అది కిందకెళ్ళి వెంటనే పైకి తేలితే నూనె కాగినట్టు, అడుగునే కూర్చుంటే ఇంకా కాగలేదన్నట్టు, థర్మామీటరు లేకుండానే 170, 180 డిగ్రీల దగ్గర పట్టేస్తాడు. తర్వాత వాయి వేస్తాడు. వేయగానే బాణలి అంతా పెద్ద పెద్ద బుడగలతో గోల గోలగా ఉంటుంది. ఈలోపు అతను మీతో చిల్లర గురించి మాట్లాడుతుంటాడు, పక్కనోడికి పొట్లం కడుతుంటాడు, బాణలి వైపు అసలు చూడడు, కానీ ఆ చప్పుడు సన్నబడగానే ఠక్కున అటు తిరుగుతాడు. చెవితో వండుతున్నాడన్నమాట. ఆ చప్పుడంతా పిండిలో ఉన్న నీళ్ళు ఆవిరై బయటికి రావడం, నీళ్ళు తగ్గేకొద్దీ గోల తగ్గుతుంది, అందుకే చూడక్కర్లేదు.

ఆ ఆవిరి బయటికి తోసుకొస్తున్నంతసేపూ నూనె లోపలికి పెద్దగా వెళ్ళదు. నూనె ఎక్కువగా పట్టేది వేగేటప్పుడు కాదు, తీసిన తర్వాత. బయటికి తీయగానే చల్లబడడం మొదలవుతుంది కదా, లోపలి ఆవిరి నీరుగా మారి ఖాళీ ఏర్పడుతుంది, పైన అంటుకున్న నూనెని అది లోపలికి లాగేసుకుంటుంది. అందుకే తెలిసినవాడు చిల్లుల గరిటెతో తీసిన వెంటనే బాణలి అంచు మీద రెండు దెబ్బలు గట్టిగా కొట్టి, కాసేపు అలాగే పట్టుకుని, అప్పుడు పళ్ళెంలో పోస్తాడు. చేతకానివాడు తీసింది తీసినట్టు కుప్ప పోస్తాడు, కింద ఉన్నవి నూనెలో నానతాయి, పైన ఉన్నవి ఆవిరికి మెత్తబడతాయి. ఆ రెండు దెబ్బలు కొడుతున్నాడా లేదా అన్నది నాకు ఏ రేటింగ్ కంటే కూడా ఎక్కువ నమ్మకం.

ఇంకో సంగతి, "ఇవి ఎప్పుడు వేసినవి?" అని అడక్కండి. ఎవరైనా సరే "ఇందాకే" అనే అంటాడు, పాపం ఇంకేమంటాడు. దాని బదులు "అన్నా, తర్వాత వాయి ఎప్పుడు?" అనండి. "రెండు నిమిషాలు ఆగండి సార్, వేడివి ఇస్తా" అంటాడు, పైగా సంతోషంగా అంటాడు, ఎందుకంటే వాడి వంటని మీరు గౌరవించినట్టు అనిపిస్తుంది. ఆ మిగిలిపోయిన చల్లవి మీ వెనకాల తొందరలో ఉన్నోడు పట్టుకెళ్తాడు, అదీ ఒక లాభం. కొందరు చల్లారినవాటిని మళ్ళీ నూనెలో ముంచి వేడి చేసి ఇస్తారు, పైకి కరకరలాడతాయి గానీ రెండోసారి నూనె తాగి వస్తాయి. అయితే ఇక్కడ ఒక మాట, ఆలుగడ్డ ఫ్రైస్ లాంటివి కావాలనే రెండుసార్లు వేపుతారు, మొదట తక్కువ వేడిలో లోపల ఉడకడానికి, తర్వాత ఎక్కువ వేడిలో పైన పొర గట్టిపడడానికి. అది పద్ధతి. నేనంటున్నది పొద్దున వేసినవాటిని సాయంత్రం ముంచడం.

నూనె విషయంలో జనం రంగు చూసి భయపడతారు. రంగొక్కటే కాదు, మూడు చూడాలి. పైన సన్నటి నురగ పేరుకుని పోకుండా ఉండిపోతోందా, ఇంకా వాయి వేయకముందే పొగ వస్తోందా, గరిటె ఎత్తితే చుక్కలుగా పడకుండా జిగురుగా సాగుతోందా. నూనె మళ్ళీ మళ్ళీ కాగితే విడిపోయి ఫ్యాటీ యాసిడ్లు పెరుగుతాయి, దాంతో పొగ వచ్చే వేడి కిందకి దిగిపోతుంది, అందుకే పాత నూనె తొందరగా పొగ చిమ్ముతుంది. ఇలా పాడైన పదార్థాలన్నీ కలిపి పోలార్ కాంపౌండ్స్ అని కొలుస్తారు, కొన్ని దేశాల్లో అవి 24, 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని రూలే ఉంది. ఇక్కడ కూడా నేను చెప్పిన కదలిక లెక్కే పనిచేస్తుంది. గిరాకీ బాగా ఉన్న బండిలో ప్రతి వాయీ కొంత నూనె పట్టుకుపోతుంది, దాంతో కొత్త నూనె పోస్తూనే ఉండాలి, బాణలిలో ఉన్నది ఎప్పటికప్పుడు మారుతూ ఉంటుంది. గిరాకీ లేని చోట అదే నూనె ఖాళీగా కాగుతూ కూర్చుంటుంది. వినడానికి తిరకాసుగా ఉంటుంది గానీ ఎక్కువ వేపే బండే చాలాసార్లు మేలు.

సరే, వేపుడు పక్కన పెడదాం, నిజంగా భయపడాల్సింది వేపుడు గురించి కాదు. అన్నం గురించి. ఎవరూ నమ్మరు ఇది చెప్తే. వేడి వేడి నూనెలోంచి వచ్చినదానిలో దాదాపు ఏ పురుగూ బతకదు, కానీ మధ్యాహ్నం వండి పక్కన పెట్టి, సాయంత్రం గుడ్డూ సాసూ వేసి పెనం మీద టకటకలాడించి ఇచ్చే అన్నం ఉంది చూశారూ, అసలు సంగతి అక్కడుంది. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా ఒకటి ఉంటుంది, దాని బీజాలు అన్నం ఉడికినా చావవు, అన్నం గోరువెచ్చగా ఉండిపోతే లేచి పెరగడం మొదలుపెడతాయి, పెరిగి ఒక విషం వదుల్తాయి. మళ్ళీ వేడి చేస్తే బ్యాక్టీరియా చస్తుందేమో గానీ ఆ విషం పోదు, వేడికి తట్టుకుంటుంది. "పొగలు కక్కుతూ ఇచ్చాడు కదా, ఏం కాదులే" అనుకుంటాం, ఆ పొగలకీ దానికీ సంబంధమే లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ఏంటంటే 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య ఉన్న తిండి డేంజర్ జోన్‌లో ఉన్నట్టే, వండినది మామూలు గది వేడిలో రెండు గంటలకి మించి ఉంచకూడదు. అంటే అయితే బాగా వేడిగా ఉండాలి, లేదంటే బాగా చల్లగా ఉండాలి, మధ్యలో ఉండకూడదు.

దీన్ని బఫేకి పెట్టి చూడండి. బఫే అంటే జనానికి ఇష్టం, నాకు మాత్రం అనుమానం. ఎన్ని ఐటమ్స్ ఉన్నాయో లెక్కపెట్టుకుని మురిసిపోతాం గానీ ఆ గిన్నెల కింద మంట ఉందా లేదా ఎవడూ చూడడు. నేనైతే మూత ఎత్తగానే మొహానికి ఆవిరి కొడితేనే వడ్డించుకుంటా, లేకపోతే మూత పెట్టేసి ముందుకెళ్ళిపోతా. మొదలయ్యాక అరగంటలోపు వెళ్తే పర్లేదు, ఆఖర్న వెళ్తే మిగిలేవి అన్నీ అలిసిపోయి ఉంటాయి, ఉల్లిపాయ ముక్కలు కూడా వాడిపోయి చూస్తుంటాయి మన వైపు.

బయట తిండి అంటే ఈ కాలపు జల్సా అని మన పెద్దాళ్ళు తిడతారు కదా, "మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివి" అని. మా రోజులంటే ఎంత వెనక్కి వెళ్తారో గానీ క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిదలో కూరుకుపోయిన పాంపే అనే రోమన్ ఊళ్ళో వీధి వీధికీ వేడి తిండి అమ్మే కొట్లు ఉన్నాయి. రోడ్డు వైపు రాతి అరుగు, ఆ అరుగులో గుంతలు, గుంతల్లో దించిన మట్టి జాడీలు. అలాంటి ఒక కొట్టుని పూర్తిగా తవ్వి తీసి 2020 డిసెంబరులో బయటపెట్టారు, అరుగు మీద కోడిపుంజు, బాతుల బొమ్మలు రంగులు పోకుండా ఉన్నాయి, జాడీల్లో బాతు ఎముక, పంది, మేక, చేప, నత్తల అవశేషాలు దొరికాయి. బొమ్మల్లో ఉన్న బాతే జాడీల్లోనూ ఉందని తెలిసింది, అంటే అప్పటికే ఫొటో మెనూ ఉందన్నమాట! అక్కడ తిన్నది ఎక్కువగా ఎవరంటే సామాన్య జనం. రోమన్ ఊళ్ళలో చిన్న చిన్న అద్దె గదుల్లో వంటగదే ఉండేది కాదు, డబ్బున్నోళ్ళు ఇంట్లో పనివాళ్ళతో వండించుకుని తినేవాళ్ళు, లేనోళ్ళు వీధిలో తినేవాళ్ళు. ఇప్పటికీ పెద్దగా ఏం మారలేదు. మధ్యాహ్నం బండి చుట్టూ నిలబడినవాళ్ళలో ఎక్కువమంది సరదాకి రాలేదు, వాళ్ళకి పొయ్యి దూరం, అంతే.

చైనాలో కైఫెంగ్ అని ఒక నగరం, 1127 దాకా సోంగ్ రాజుల రాజధాని, అక్కడి హోటళ్ళ గురించి చదివినప్పుడు నాకు భలే నవ్వొచ్చింది. ఒకడు వేడిగా అంటాడు, ఒకడు చల్లగా అంటాడు, ఒకడు కొవ్వు వద్దంటాడు, సర్వర్ ఏమీ రాసుకోకుండా అందరి ఆర్డర్లూ గుర్తుపెట్టుకుని వంటగది గుమ్మం దగ్గర నిలబడి వరసగా రాగం తీసి చెప్పేవాడట. తర్వాత ఎడం చేతిలో మూడు గిన్నెలు, కుడి చేతి మీద భుజం దాకా ఇరవై దాకా గిన్నెలు పేర్చుకొచ్చి ఎవరిది వాళ్ళకి ఇచ్చేవాడట. ఒక్కటి తప్పినా కస్టమర్ ఓనర్‌కి చెప్పేవాడు, తిట్లు, జీతంలో కోత, ఒక్కోసారి ఉద్యోగమే ఊడేది. దాదాపు తొమ్మిది వందల ఏళ్ళయింది, ఇప్పుడు స్టార్లు తగ్గించి రివ్యూ రాస్తున్నాం, కోపం అదే కోపం.

మెనూ కార్డు చూసి మనకి నచ్చింది ఎంచుకునే పద్ధతి యూరప్‌లో మాత్రం కాస్త ఆలస్యంగానే వచ్చింది. 1760ల దాకా పారిస్‌లో సత్రంలో తినాలంటే ఒకటే పెద్ద టేబుల్, ఒకటే టైము, వాళ్ళు ఏది వండితే అది, పక్కన ఎవడు కూర్చుంటే వాడితోనే. ఆ దశకంలోనే సూపు అమ్మే కొన్ని షాపులు విడి టేబుళ్ళు వేశాయి, ఎప్పుడొచ్చినా పెట్టడం మొదలుపెట్టాయి, తర్వాత్తర్వాత రేట్లతో కార్డు చేతికిచ్చాయి. మనకి ఇదంతా మామూలు విషయం ఇప్పుడు. కానీ ఆలోచిస్తే వంటవాడి బాధ అక్కడే మొదలైంది. ఒకటే కూర, ఒకటే టైము ఉన్నప్పుడు వండింది వండినట్టు అయిపోయేది. ఎవడు ఎప్పుడు వచ్చి ఏం అడుగుతాడో తెలీనప్పుడు అన్నీ సగం సగం రెడీగా పెట్టుకుని కూర్చోవాలి.

అందుకే నాకు పొడుగాటి మెనూ అంటే గుండె జారిపోతుంది. ఆరు పేజీలు, లామినేషన్ చేసి, నాలుగు దేశాల వంటలు. ఇన్నీ ఎవడు వండుతాడండీ, వెనకాల ఉన్నది ముగ్గురు. ఎలా చేస్తారంటే రెండు మూడు బేస్ గ్రేవీలు పొద్దున్నే చేసి పెట్టుకుంటారు, ఒకటి టమాటాది, ఒకటి ఉల్లిపాయది, ఒకటి తెల్లది, ముక్కలు సగం ఉడికించి ఫ్రిజ్‌లో డబ్బాల్లో ఉంటాయి, మీరు ఆర్డర్ ఇవ్వగానే ఒక గ్రేవీ, ఒక ముక్క, పైన క్రీమో కొత్తిమీరో, పేరు మారిపోతుంది. అందుకే ఒక్కోసారి మూడు కూరలు తెప్పించుకుంటే మూడూ అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. ఇది మోసం అని నేననను. ముందే కోసి, ఉడికించి, గిన్నెల్లో సర్ది పెట్టుకోకపోతే పదిహేను నిమిషాల్లో ఎవడూ టేబుల్ మీదకి తేలేడు, ఎస్కాఫియే లాంటి మహా వంటవాడే 1890లలో లండన్ సవాయ్ హోటల్లో వంటగదిని సెక్షన్లుగా విడగొట్టి, సాస్ ఒకడు, కాల్చేది ఒకడు, కూరగాయలు ఒకడు అని పంచి పరిగెత్తించాడు. సర్ది పెట్టుకోవడం తప్పు కాదు, సర్దిపెట్టింది ఎన్ని రోజుల నుంచి ఉందన్నదే తేడా. ఆరు పేజీల మెనూలో ఐదో పేజీ చివర్న ఉన్న ఐటమ్‌ని వారానికి ఎంతమంది అడుగుతారు? దాని కోసం తెచ్చిన ముక్క ఫ్రిజ్‌లో ఎన్నాళ్ళుంటుంది? మా ఫ్రెండ్ ఒకడున్నాడు, ఎక్కడికెళ్ళినా ఎవరూ తిననిది వెతికి మరీ ఆర్డర్ చేస్తాడు, "వెరైటీగా ఉంటుంది మావా" అని. ఉంటుంది, ఎందుకుండదు, అది ఆ ఫ్రిజ్‌లో అందరికంటే సీనియర్.

దీనికి పూర్తిగా వ్యతిరేకం 1948లో మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములు కాలిఫోర్నియా శాన్ బెర్నార్డినోలో చేసింది. బాగా నడుస్తున్న హోటల్‌ని కావాలని మూసేసి, మెనూ కోసేసి తొమ్మిది ఐటమ్స్‌కి తెచ్చారు, ప్లేట్లు తీసేసి కాగితంలో చుట్టి ఇచ్చారు, కార్ల దగ్గరికి వెళ్ళి వడ్డించేవాళ్ళని తీసేశారు. ఆ తిండి మీకు నచ్చొచ్చు నచ్చకపోవచ్చు, నాకు పెద్దగా ఇష్టం లేదు, కానీ లెక్క మాత్రం ప్రతి వీధి బండి వాడికీ ముందు నుంచే తెలిసిన లెక్క. రెండు మూడు ఐటమ్స్, వందల ప్లేట్లు. రోజంతా అదే చేస్తుంటే చెయ్యి తిరుగుతుంది, సరుకు మిగలదు, ఫ్రిజ్ అవసరమే రాదు. పొద్దున తెచ్చింది సాయంత్రానికి ఖాళీ.

కాబట్టి కొత్త రెస్టారెంట్‌కి వెళ్తే నేను మెనూ తీయకముందు పక్క టేబుళ్ళ మీదకి ఓ చూపు వేస్తా, సిగ్గేం లేదు. మూడు నాలుగు టేబుళ్ళ మీద ఒకటే కనిపిస్తే అదే చెప్తా. మెనూ కార్డు మనకి సాయం చేయడానికి రాసింది అనుకోకూడదు, అది వాళ్ళ లెక్క ప్రకారం రాసింది. 1982లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన కసవానా, స్మిత్ అని ఇద్దరు మెనూలో ఉన్నవాటిని నాలుగు గళ్ళలో పెట్టారు. బాగా అమ్ముడై బాగా లాభం ఇచ్చేవి స్టార్లు, బాగా అమ్ముడవుతాయి గానీ లాభం తక్కువ ఇచ్చేవి కాడెద్దులు, లాభం ఉండి అమ్ముడవనివి పజిళ్ళు, రెండూ లేనివి కుక్కలు. ఓనర్‌కి స్టార్లంటే ప్రేమ, బాక్సు గీసి, ఫొటో పెట్టి చూపిస్తాడు. పజిల్‌ని ఎలాగైనా తోసేయాలని "ఈరోజు స్పెషల్" అంటాడు లేదా సర్వర్‌తో చెప్పిస్తాడు. రోజూ తినే మనకి కావాల్సింది మాత్రం కాడెద్దే. అందరూ తింటారు, రోజూ అయిపోతుంది, రేటు పెంచితే జనం ఊరుకోరు కాబట్టి పెద్దగా పెంచరు. ఏ ఫొటో లేకుండా, ఏ విశేషణం లేకుండా, రెండు మాటల్లో ఉంటుంది మెనూలో, అదే.

"ఏది బాగుంటుంది?" అని సర్వర్‌ని అడిగితే "అన్నీ బాగుంటాయి సార్" అంటాడు. "ఇప్పుడు ఏది త్వరగా వస్తుంది?" అని అడగండి, నిజం చెప్తాడు, ఎందుకంటే ఆ ప్రశ్నకి అబద్ధం చెప్తే పది నిమిషాల్లో దొరికిపోతాడు. త్వరగా వచ్చేది అంటే ఎక్కువమంది అడిగేది, లోపల పొయ్యి మీద ఎప్పుడూ నడుస్తున్నది. అలాంటి చోట ఇంకో మంచి సంగతి, వాళ్ళు "అది అయిపోయింది" అని చెప్తారు. ఆ మాట వింటే చాలామందికి చిరాకు, నాకు మాత్రం ధైర్యం. ఎప్పుడెళ్ళినా మెనూలో ఉన్నవన్నీ దొరికే చోటే నాకు అనుమానం.

టేబుళ్ళు కూడా తిరగాలి కదా వాళ్ళకి. 1986లో మిలిమన్ అనే ఆయన ఒక రెస్టారెంట్‌లో పాటల స్పీడు మార్చి చూశాడు, నెమ్మది పాటలు పెట్టిన రాత్రులు జనం దాదాపు 56 నిమిషాలు కూర్చున్నారు, స్పీడు పాటలకి 45 నిమిషాల్లో లేచిపోయారు. తిండి ఖర్చు పెద్దగా మారలేదు, నెమ్మది పాటలప్పుడు డ్రింకులు మాత్రం ఎక్కువ తాగారు. అందుకే మధ్యాహ్నం రద్దీలో పాటలు డబడబలాడుతుంటే తొందరగా తినేసి లేవమని వాళ్ళు మర్యాదగా చెప్తున్నారనుకోండి. అందులో నాకేం అభ్యంతరం లేదు గానీ, ఇంకా సగం తింటుంటే ప్లేటు మీదకి చెయ్యి చాపి "తీసేయమంటారా" అంటారు చూడండి, అది మాత్రం నాకు నచ్చదు. అలాగే ఒంటరిగా తినడానికి వెళ్తే నలుగురు కూర్చునే టేబుల్ ఇవ్వడానికి మొహం మాడ్చుకుంటారు. రద్దీ తగ్గాక వెళ్తే కుర్చీ సుఖం ఉంటుంది, తిండి సుఖం పోతుంది, రద్దీలో వెళ్తే దీనికి రివర్సు. నేను రద్దీ మొదలవడానికి పావుగంట ముందు వెళ్తా, పొయ్యిలు వెలిగి ఉంటాయి, టేబుళ్ళు ఖాళీగా ఉంటాయి.

ఇంత చెప్పి బండి అంటే అంతా మంచిదే అంటే అబద్ధం అవుతుంది. బండి దగ్గర అసలు సమస్య నిప్పు దగ్గర లేదు, నీళ్ళ దగ్గర ఉంది. ఒక బకెట్, ఆ బకెట్లోనే ముంచి తీసిన ప్లేట్లు, ఆ చేత్తోనే డబ్బులు, ఆ చేత్తోనే పైన చల్లే ఉల్లిపాయలు. వండింది ఎంత వేడిదైనా దాని మీద పడేవి పచ్చివి. అందుకే నేను బండి దగ్గర నిప్పు తగిలింది మాత్రమే తింటా, పైన చల్లేవి వద్దంటా, ఐస్ వద్దంటా, కాగితం ప్లేటు ఉంటే అందులో పెట్టమంటా. అమ్మేవాడిని తిట్టి లాభం లేదు, అతనికి కుళాయి ఎవరిచ్చారు? సింగపూర్‌లో చేసింది చూడండి, 1971 నుంచి 1986 మధ్య వీధుల్లో అమ్మేవాళ్ళని హాకర్ సెంటర్లు కట్టి అందులోకి మార్చారు, కుళాయి, మురుగు కాలవ, చెత్త తీసే ఏర్పాటు ఇచ్చారు. వండే చేతులు అవే, వంటలూ అవే, 2020లో ఆ హాకర్ సంస్కృతిని యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో కూడా పెట్టింది. నీళ్ళు అందిస్తే వీధి తిండి ఎంత దూరం వెళ్తుందో తెలియడానికి ఇంకేం కావాలి.

బ్యాంకాక్‌లో జే ఫై అనే పెద్దావిడ బొగ్గుల మంట ముందు స్కీయింగ్ వాళ్ళు పెట్టుకునే కళ్ళద్దాలు పెట్టుకుని, నూనె కళ్ళలోకి చిమ్మకుండా, పీతల ఆమ్లెట్ తన చేత్తోనే వేస్తుంది, 2017 చివర్లో మిషలిన్ స్టార్, అంటే మంచి హోటళ్ళకి మిషలిన్ గైడ్ ఇచ్చే గుర్తింపు, వచ్చింది. ఆ తర్వాత జనం ఎగబడ్డారు. ఇక్కడ నాకు నచ్చింది స్టార్ కాదు, స్టార్ వచ్చాక కూడా పెనం దగ్గర వేరేవాడిని పెట్టి తను గల్లా పెట్టె దగ్గర కూర్చోకపోవడం. చిన్న హోటళ్ళు చాలా చెడిపోయేది సరిగ్గా ఆ మలుపులోనే, పేరొచ్చాక రెండో బ్రాంచి, రెండో బ్రాంచిలో కొత్త కుర్రాడు, మెనూలో కొత్త పేజీలు, ఆర్నెల్లలో "ఇదివరకటిలా లేదు" అనే మాట.

పార్సిల్ గురించి కూడా ఒక ముక్క. వేడి వేపుడుని మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో పెడితే ఇంటికొచ్చేసరికి అది వేపుడు కాదు, ఉడికినది. ఆవిరి బయటికి పోలేక దాని మీదే మళ్ళీ నీరై పడుతుంది. మూత కొంచెం తెరిచి ఉంచమనండి, లేదా కాగితంలో కట్టమనండి, సాస్ వేరేగా ఇవ్వమనండి. నూడుల్స్ లాంటివి దారిలో తడి పీల్చుకుని ముద్దవుతాయి, సూపు ఉన్నవైతే సూపు వేరు, నూడుల్స్ వేరు కట్టమంటే చాలా చోట్ల కడతారు, అడగాలి అంతే. దూరం నుంచి తెప్పించుకోవాలంటే పులుసు, కూర, సూపు లాంటి తడివి బెటర్, కరకరలాడేవి అక్కడే నిలబడి తినాల్సినవి.

ఇక రాత్రి ఆలస్యంగా, మూసేసే టైముకి వెళ్ళాల్సి వస్తే, అది తప్పని రోజులు ఉంటాయి, అప్పుడు మెనూ అడగను. "పెనం ఇంకా వేడిగా ఉందా అన్నా?" అని అడుగుతా. ఉంటే రెండు గుడ్లు కొట్టి వేయించుకుంటా, గుడ్డు అప్పటికప్పుడు పగలగొట్టి వేసేదే కాబట్టి మోసం జరగడానికి చోటు లేదు. పెనం చల్లారిపోయి కడిగేసి ఉంటే, ఎంత ఆకలేసినా గిన్నెలో మిగిలింది పెట్టించుకోకుండా అరటిపండో, సీల్ ఉన్న పెరుగు కప్పో కొనుక్కుని వెళ్ళిపోతా. వాళ్ళు కూడా ఏమనుకోరు, పైగా తొందరగా షటర్ దించుకోవచ్చని సంతోషిస్తారు.